రికెట్స్ గ్లెన్ ఫాల్స్ ట్రైల్: అక్టోబర్‌లో అమ్మానాన్నలతో వెళ్తున్నాం, పూర్తి లూపా, చిన్న లూపా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి ఆగస్టులో వచ్చారు, నవంబర్ మొదట్లో తిరుగు ప్రయాణం. నయాగరా, న్యూయార్క్, బ్రిడ్జ్‌వాటర్ గుడి అన్నీ అయ్యాయి. నాన్న మాత్రం కారు అద్దంలోంచి చూసింది చాలు, అడవిలో ఒక రోజు నడిపించు అంటున్నారు. పెన్సిల్వేనియాలో రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్క్ గురించి ఆఫీసులో ఒకాయన చెప్పాడు, ఒకే దారిలో ఇరవైకి పైగా జలపాతాలు ఉంటాయట. అక్టోబర్ రెండో వారంలో వెళ్దామని అనుకుంటున్నాం.

నాన్నకు 64, రోజూ వాకింగ్ చేస్తారు, పోయినేడు అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళారు. అమ్మకు 59, మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగడం కష్టం. మా పాపకు ఆరేళ్ళు. 7.2 మైళ్ళ పూర్తి లూప్ ఒకటి, 3.2 మైళ్ళ చిన్న లూప్ ఒకటి ఉన్నాయని చదివాను. ఎవరైనా వెళ్ళొచ్చిన వాళ్ళు ఏది మంచిదో, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

కొండదారి:
మంచి చోటు ఎంచుకున్నారు. న్యూజెర్సీ నుంచి ఒక్కరోజులో వెళ్ళి రాగలిగిన దూరంలో నా దృష్టిలో దీన్ని మించిన అడవి దారి లేదు. ముందు ఆ చోటు మనసులో ఊహించుకోండి, తర్వాత నిర్ణయం సులువు అవుతుంది.

కిచెన్ క్రీక్ అనే వాగు పైన రెండు పాయలుగా దిగుతుంది. ఒక పాయ గనోగా గ్లెన్ లోయలో, రెండోది గ్లెన్ లీ లోయలో. రెండూ వాటర్స్ మీట్ అనే చోట కలుస్తాయి, అక్కడినుంచి కింద ఒకటే వాగు, ఆ కింది లోయ పేరే రికెట్స్ గ్లెన్. పైన రెండు లోయల మొదళ్ళను హైలాండ్ ట్రైల్ కలుపుతుంది. అంటే చిన్న లూప్ త్రిభుజం లాంటిది: ఒక లోయలో దిగి, వాటర్స్ మీట్ దగ్గర మలుపు తిరిగి, ఇంకో లోయలో ఎక్కి, హైలాండ్ ట్రైల్ మీద మొదలుపెట్టిన చోటికి వస్తారు. గనోగా గ్లెన్‌లో 10, గ్లెన్ లీలో 8, మొత్తం 18 జలపాతాలు ఈ 3.2 మైళ్ళలోనే కనిపిస్తాయి. దీనికి పైన లేక్ రోజ్ పార్కింగ్‌లో కారు పెట్టాలి.

పూర్తి లూప్ అంటే దీనికి తోడు వాటర్స్ మీట్ నుంచి కింద పీఏ 118 అనే పెన్సిల్వేనియా రాష్ట్ర రోడ్డు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడం, ఒక్కో వైపు దాదాపు 2 మైళ్ళు.

మీ ఇంటివాళ్ళ వివరాలు చూస్తే పాపతో, నాన్నగారితో చిన్న లూప్ చేయొచ్చు. అమ్మగారికి వేరే ఏర్పాటు చూడాలి. ఈ దారిని పార్క్ వాళ్ళే కష్టమైనదిగా చెబుతారు, అది ఊరికే రాసింది కాదు.

ఓరుగల్లు_78:
అన్నా, నేను వేరే మాట చెప్తా. చిన్న లూప్ చేసి వచ్చినోళ్ళు జలపాతాలు చూస్తరు కానీ అడవిని చూడరు. పెద్ద చెట్లన్నీ కింది భాగంలోనే ఉన్నయి. వాటర్స్ మీట్ దాటి కిందికి పోతుంటే జనం సగానికి సగం తగ్గిపోతరు, దారి కొంచెం చదునుగా అయితది, పక్కన వాగు, నెత్తి మీద సూదుల్లాంటి ఆకులుండే హెమ్లాక్ చెట్లు ఎంత ఎత్తున్నయంటే పైకి చూస్తే మెడ నొప్పి పెడ్తది. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా అక్కడ నీడే. నేనైతే ఎప్పుడు పోయినా 118 రోడ్డు దగ్గర కారు పెట్టి కింది నుంచి పైకి ఎక్కుత. పొద్దుగాల కాళ్ళల్ల బలం ఉన్నప్పుడు ఎక్కుడు అయిపోతది, తిరిగి వచ్చేటప్పుడు మెల్లగా దిగుడు. లేక్ రోజ్ నుంచి మొదలుపెడితే ఉల్టా, అలిసిపోయినంక ఎక్కాలె.

మీ నాన్న గారు అలిపిరి ఎక్కినోరు కదా, ఆయన పూర్తి లూప్ చేస్తరు, నాకు అనుమానం లేదు.

తులసికోట:
ఓరుగల్లు తమ్ముడూ, నీ ప్రేమ అర్థమవుతోంది కానీ అలిపిరితో పోల్చి భరోసా ఇవ్వకు. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, హారిస్‌బర్గ్ పక్కన ఉంటాం, మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు ఇదే పార్క్‌కు తీసుకెళ్ళాను, అందుకే చెబుతున్నా.

అలిపిరిలో 3550 మెట్లు ఉన్నా అవి కట్టిన మెట్లు. ఎత్తు దాదాపు ఒకేలా ఉంటుంది, పైన కప్పు ఉంటుంది, కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్ళు దొరుకుతాయి. ఇక్కడ మెట్లు అక్కడి రాతిపలకలను పేర్చి చేసినవి. ఒక మెట్టు నాలుగు అంగుళాలు, తర్వాతది పద్నాలుగు, ఒకటి వాగు వైపు వాలి ఉంటుంది. జలపాతం తుంపర పడి ఎండాకాలంలో కూడా తడిగా ఉంటాయి. చాలా చోట్ల పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండదు, పక్కనే లోయ. అక్టోబర్‌లో వాటి మీద తడి ఆకులు కూడా పడతాయి, ఆకు కింద ఏముందో కనబడదు.

గోదారిగట్టు గారూ, అమ్మగారిని ఈ మెట్ల మీదకు తీసుకెళ్ళకండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు ఎక్కడం కన్నా దిగడం చేటు, దిగేటప్పుడు మోకాలి చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది, పైగా ఎత్తు తెలియని మెట్టు దిగితే కాలు ఒక్కసారిగా దబ్బున పడుతుంది. నాన్నగారు చిన్న లూప్ చేయొచ్చు, చేతిలో రెండు ట్రెక్కింగ్ పోల్స్ తప్పనిసరి. దిగేటప్పుడు పోల్స్ పొడవు కొంచెం పెంచుకోమని, ముందు పోల్ కింద ఆనించి ఆ తర్వాతే కాలు పెట్టమని చెప్పండి. ఇంటి దగ్గర పార్కులో ఒక వారం వాటితో నడిపించండి, కొత్తగా అక్కడే చేతికిస్తే అడ్డమే అవుతాయి.

గోదారిగట్టు:
అక్కా చాలా థాంక్స్. పోల్స్ సంగతి నాకు తట్టనే లేదు. మరి అమ్మ ఏం చేయాలి? పార్కింగ్‌లో కూర్చోబెట్టాలంటే మనసొప్పడం లేదు, ఆవిడ కూడా మీతో వచ్చి చూస్తాను అంటోంది.

తులసికోట:
పార్కింగ్‌లో ఎందుకు కూర్చోవాలి? ఎవర్‌గ్రీన్ ట్రైల్ ఉంది. 118 రోడ్డు దగ్గర మొదలవుతుంది, 1 మైలు లూప్. మెట్ల దారి కాదు, మామూలు మట్టి బాట, అక్కడక్కడా వేర్లు, రాళ్ళు ఉంటాయి, మెల్లగా నడిస్తే ఇబ్బంది లేదు. ఆ ఒక్క మైలులోనే పార్క్ మొత్తంలో అతి పాత చెట్లు ఉన్నాయి, ఆడమ్స్ ఫాల్స్ కూడా అక్కడే. మా అత్తగారు ఆడమ్స్ ఫాల్స్ దగ్గర బండ మీద కూర్చుని ఎంతసేపటికీ కదల్లేదు. నీళ్ళు రాతిలోంచి తొలుచుకుంటూ వంపులు తిరిగి పడతాయి, చూడ్డానికి పెద్ద ఎత్తేం కాదు కానీ గనోగా కన్నా నాకు అదే ఇష్టం.

అందరూ కలిసి పొద్దున ఎవర్‌గ్రీన్ చేయండి. తర్వాత కారులో పైకి వెళ్ళి అమ్మగారు, ఆవిడతో ఇంకొకరు లేక్ జీన్ ఒడ్డున ఉంటే, మిగతావాళ్ళు చిన్న లూప్ చేసి రావచ్చు. లేక్ జీన్ 245 ఎకరాల చెరువు, చుట్టూ రంగులు తిరిగిన చెట్లు, పిక్నిక్ బల్లలు, బాత్రూములు ఉన్నాయి.

ఓరుగల్లు_78:
అక్క చెప్పింది ఒప్పుకుంటున్న, మెట్ల సంగతి నేను తేలికగా తీసుకున్న. ఎవర్‌గ్రీన్ చేస్తే పెద్ద చెట్లు చూసినట్టే, నా బాధ అంతా అదే. ఆ చెట్లు చూడకుండా మాత్రం రాకుండ్రి.

పాతకాగితం:
చెట్ల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. ఆ చెట్లు అక్కడ ఎందుకు మిగిలాయో తెలిసి నడిస్తే చూపు వేరేగా ఉంటుంది.

పెన్సిల్వేనియాలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో కొండలన్నీ నరికేశారు. కలప ఒక కారణం, హెమ్లాక్ బెరడు ఇంకో కారణం. తోళ్ళు పదును చేయడానికి ఆ బెరడులోని టానిన్ వాడేవారు, చాలా చోట్ల బెరడు వలిచేసి మానును అడవిలోనే కుళ్ళిపోవడానికి వదిలేశారు కూడా. ఈ పార్క్ ఉన్న భూమి రాబర్ట్ బ్రూస్ రికెట్స్ అనే ఆయనది. అమెరికా అంతర్యుద్ధంలో ఫిరంగి దళ నాయకుడు, 1863 గెటిస్‌బర్గ్ యుద్ధంలో సెమెటరీ హిల్ మీద రెండో రోజు సాయంత్రం దాడిని ఆయన ఫిరంగి దళం నిలిచి ఎదుర్కొంది. యుద్ధం తర్వాత ఈ కొండల్లో భూములు కొంటూ పోయి ఒక దశలో 80,000 ఎకరాలకు పైగా యజమాని అయ్యాడు. గనోగా లేక్ ఒడ్డున హోటల్ నడిపేవాడు, చేపలు పట్టడానికి వాగు వెంట దిగిన అతిథులే మొదట ఈ జలపాతాలు చూసి ఆయనకు చెప్పారని అంటారు.

ఆయన కూడా కలప అమ్మాడు, మిగతా కొండల మీద చెట్లు కొట్టించాడు. కానీ ఈ లోయలను మాత్రం ముట్టుకోనివ్వలేదు. పైగా 1889 నుంచి 1893 దాకా ఆరుగురు పనివాళ్ళతో లోయల్లో దారి, మెట్లు, వంతెనలు వేయించాడు. మనం ఇవాళ నడిచే దారి మూలం అదే. జలపాతాలకు మోహాక్, ఒనైడా, కయూగా, సెనెకా, టస్కరోరా, షానీ, హ్యూరాన్ అంటూ ఆ నేల మీద ముందు నుంచీ ఉన్న జాతుల పేర్లు చాలావాటికి పెట్టాడు, కొన్నింటికి తన బంధుమిత్రుల పేర్లు. ఆయన 1918లో పోయాడు. 1930లలో దీన్ని జాతీయ పార్క్ చేయాలనుకున్నారు, ఆర్థిక మాంద్యం, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆగిపోయింది. చివరికి రాష్ట్రం కొని 1944లో స్టేట్ పార్క్‌గా తెరిచింది. ఈ లోయల భాగం 1969 నుంచి నేషనల్ నేచురల్ లాండ్‌మార్క్.

లాభం కళ్ళముందు కనబడుతున్నా కొన్ని వేల చెట్లు వదిలేసినందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది.

సీమరాయి:
పాతకాగితం గారూ, బాగా చెప్పారు. నేను రాళ్ళ గురించి కొంచెం చెబుతా, చదివింది జియాలజీ కాబట్టి ఊరుకోలేను.

ఒకే చోట ఇన్ని జలపాతాలు ఎందుకున్నాయని చాలామంది అడుగుతారు. ఈ పార్క్ ఎలిగెనీ ఫ్రంట్ అనే పెద్ద కొండ అంచు మీద ఉంది. పైన పీఠభూమి, కింద లోయ, మధ్యలో కిచెన్ క్రీక్ రెండున్నర మైళ్ళ లోపే దాదాపు 1000 అడుగులు దిగుతుంది. ఆ అంచులో పొరలు పొరలుగా 35 కోట్ల ఏళ్ళ పైబడిన ఇసుకరాళ్ళు, మెత్తటి షేల్ రాళ్ళు ఉన్నాయి. గట్టి పొర దగ్గర నీళ్ళు ఆగుతాయి, కింద ఉన్న మెత్తటి పొర ముందు అరిగిపోతుంది. సుమారు 20,000 ఏళ్ళ కిందట హిమనదం కరిగి వెనక్కి పోయేటప్పుడు పైన నీళ్ళ దారులు మారి ఈ వాగుకు ఎక్కువ నీరు మళ్ళింది, కోత వేగం పెరిగింది.

మీరు నడుస్తూ రెండు రకాల జలపాతాలు గమనించండి. పలచటి పొరలున్న చోట నీళ్ళు చిన్న చిన్న గట్ల మీద అంచెలంచెలుగా దిగుతాయి. గట్టి పొర ముందుకు పొడుచుకు వచ్చి కింద ఖాళీ అయిన చోట నీళ్ళు రాయిని తాకకుండా తెరలా నేరుగా పడతాయి. ఓజోన్ ఫాల్స్, గనోగా ఫాల్స్ మాత్రం మొదటి, అంచెల రకం. ఒక జలపాతం నుంచి ఇంకోదానికి రాయి రంగు బూడిద ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారడం కూడా కింద దిగేకొద్దీ కనబడుతుంది. పిల్లలకు ఇది చూపిస్తే వాళ్ళే లెక్కపెట్టుకుంటూ నడుస్తారు, ఇంకెంత దూరం అని అడగరు.

హైలాండ్ ట్రైల్‌ను ఉత్త కలిపే దారి అనుకోకండి. మధ్యలో మిడ్‌వే క్రెవాస్ అనే చోట గులకరాళ్ళు అతుక్కున్న పెద్ద పెద్ద బండల సందులోంచి దారి వెళ్తుంది. ఆ బండలను అక్కడికి చేర్చింది హిమనదమే.

గోదారిగట్టు:
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. నాన్నకు చదివి వినిపించాను, ఫిరంగి దళం దగ్గర నుంచి ఒకటే ప్రశ్నలు. సరే, చిన్న లూప్ ఖాయం. ఏ లోయలో దిగి ఏ లోయలో ఎక్కాలి?

కొండదారి:
దీని మీద వాదన ఎప్పటికీ తేలదు, నా అభిప్రాయం చెబుతా. లేక్ రోజ్ నుంచి బయలుదేరి హైలాండ్ ట్రైల్ మీద గ్లెన్ లీ పైకి వెళ్ళండి, గ్లెన్ లీలో దిగండి, గనోగాలో ఎక్కండి. కారణాలు ఇవి. కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు చదునైన హైలాండ్ మీద ఒళ్ళు వేడెక్కుతుంది. గ్లెన్ లీ ఇరుకు, దారి వాగుకు అటూ ఇటూ దాటుతూ పోతుంది, అది ఓపిక ఉన్నప్పుడే అవ్వాలి. తర్వాత గనోగాలో ఎక్కుతూ వస్తుంటే ప్రతి జలపాతం ఎదురుగా కనిపిస్తుంది, దిగుతూ వెళ్తే వెనక్కి తిరిగి చూడాలి, తడి మెట్ల మీద వెనక్కి తిరిగి చూడటం మంచి పని కాదు. చివర్లో 94 అడుగుల గనోగా ఫాల్స్ వస్తుంది, పార్క్‌లో అన్నింటికన్నా ఎత్తయింది. దాని పక్కనుంచి ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి, ఎక్కేముందు కింద కూర్చుని ఏదైనా తిని బయలుదేరండి.

సెలయేరు:
నేను మాత్రం గనోగాలో దిగి గ్లెన్ లీలో ఎక్కుతా. గనోగా ఫాల్స్ మీద పొద్దుటి వెలుగు బాగుంటుంది, జనం రాకముందే ఫోటోలు అయిపోతాయి. కానీ పెద్దవాళ్ళతో అయితే కొండదారి గారు చెప్పిందే సరైనది.

ఫోటోల సంగతి వచ్చింది కాబట్టి గట్టిగా ఒక మాట చెప్పాలి. దయచేసి సెల్ఫీ కోసం జలపాతం అంచు మీదకు, దారి దాటి బండల మీదకు వెళ్ళకండి, పాపను అసలు వెళ్ళనివ్వకండి. ఆ బండల మీద పాచి కంటికి కనబడదు. ఇక్కడ జారి దెబ్బలు తగిలిన వాళ్ళున్నారు, ప్రాణాలు పోయిన వాళ్ళూ ఉన్నారు. లోయలో సెల్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేయాలన్నా ఎవరో ఒకరు పైకి ఎక్కి రావాలి. స్ట్రెచర్ మీద ఆ మెట్లన్నీ మోసుకురావడం రెస్క్యూ వాళ్ళకు గంటల తరబడి పని. వాగులో దిగి ఈత కొట్టడానికి కూడా వీల్లేదు, నీళ్ళలో దిగాలంటే వేసవిలో లేక్ జీన్ బీచ్ ఉంది.

మ్యాప్ ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాప్ ఒకటి జేబులో పెట్టుకోండి.

చిత్తూరు_చిన్నోడు:
అన్నా చెప్పులు ఎలాంటివి వేసుకోవాలి? నేను పెన్ స్టేట్‌లో ఎమ్మెస్ చేస్తున్నా, మా రూమ్మేట్లం కూడా వెళ్దాం అనుకుంటున్నాం, అందరి దగ్గరా మామూలు రన్నింగ్ షూసే ఉన్నాయి.

కొండదారి:
తమ్ముడూ, అడుగున గాళ్ళు లోతుగా ఉండి తడి రాయి మీద పట్టు ఇచ్చే షూస్ కావాలి. అరిగిపోయిన రన్నింగ్ షూస్‌తో దిగొద్దు. కొత్తవి కొనాలంటే ఖరీదైనవి అక్కర్లేదు, ట్రైల్ రన్నింగ్ షూస్ అయినా చాలు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, లోయలో పైకంటే చల్లగా ఉంటుంది. పలచటి రెయిన్ జాకెట్, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, తినడానికి ఏదైనా. దారిలో ఎక్కడా నీళ్ళు దొరకవు.

సెలయేరు:
తిండి అంటే మేమైతే పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్తాం, లేక్ జీన్ దగ్గర బల్లల మీద తింటాం. ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, మిగిలిన అన్నం చెట్ల కింద పారేయొద్దు, మూటగట్టి కారులో వెనక్కి తెచ్చేయండి. విస్తరి కడిగినట్టు బల్ల తుడిచి రావాలి. మందు మాత్రం పెన్సిల్వేనియా స్టేట్ పార్కుల్లో నిషేధం, గుంపులుగా వెళ్ళే కుర్రాళ్ళు గుర్తుపెట్టుకోండి.

తులసికోట:
ఎలుగుబంటి కన్నా భయపడాల్సింది టిక్స్‌కి, అంటే ఒంటికి పట్టి రక్తం పీల్చే చిన్న పురుగులకి. మన వాళ్ళు దీన్ని అసలు పట్టించుకోరు, కొత్తగా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకైతే అలాంటిదొకటి ఉందనే తెలియదు. టిక్ కాటుతో వచ్చే లైమ్ జబ్బు కేసులు ఎక్కువగా వచ్చే రాష్ట్రాల్లో పెన్సిల్వేనియా ఒకటి. చలి మొదలైంది కదా పురుగులుండవు అనుకుంటారు, కానీ నల్లకాళ్ళ టిక్ పెద్దవి అక్టోబర్, నవంబర్‌లోనే బాగా తిరుగుతాయి.

పొడుగు ప్యాంటు, దాని అంచు సాక్సులో దోపాలి. లేత రంగు బట్టలైతే పాకుతుంటే కనబడుతుంది. పురుగుల మందు పెర్మెత్రిన్ స్ప్రే ముందు రోజే షూస్ మీద, ప్యాంటు మీద కొట్టి ఆరబెట్టాలి, బట్టల మీదే, ఒంటి మీద కాదు. ఇంటికి రాగానే స్నానం, మోకాలి వెనక, చంకలు, నడుము చుట్టూ, చెవి వెనక, జుట్టులో వెతకాలి, పాపను మీరే చూడండి. కరిచి ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా పైకి లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు. తర్వాత కొన్ని వారాల్లో గుండ్రంగా పెరిగే ఎర్ర మచ్చ, జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తే డాక్టర్‌కు చూపించాలి. అమ్మానాన్నలు నవంబర్‌లో ఇండియా వెళ్ళిపోతున్నారు కదా, అక్కడి డాక్టర్‌కు టిక్ సంగతి తట్టకపోవచ్చు, ఇలా అడవికి వెళ్ళామని వాళ్ళే చెప్పాలి.

వాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు కూడా జేబులో ఉంచండి.

గోదారిగట్టు:
అక్కా, ఇది నిజంగా తెలియదు. నాన్న లుంగీలో వచ్చేస్తానన్నా ఆశ్చర్యం లేదు, ఈ పోస్ట్ ప్రింట్ తీసి ఇస్తా.

ఇంకో రెండు ప్రశ్నలు. పార్కింగ్ దొరుకుతుందా? అక్టోబర్ రెండో వారంలో రంగులు ఉంటాయా?

ఓరుగల్లు_78:
పార్క్‌లోకి టికెట్ లేదు, పార్కింగ్ కూడా ఉచితమే, పెన్సిల్వేనియా స్టేట్ పార్కులన్నీ అంతే. కానీ లేక్ రోజ్ పార్కింగ్ చిన్నది, రంగుల టైంల శని, ఆదివారాలు పొద్దుగాలే నిండిపోతది. సెలవు పెట్టగలిగితే మంగళవారమో బుధవారమో పోండ్రి, అడవి మొత్తం మీదే.

ఎడిసన్ నుంచి ఐ-80 మీద పోయి బ్లూమ్స్‌బర్గ్ దగ్గర 487 రోడ్డు పట్టుకుని బెంటన్ మీదుగా పోవచ్చు, రెండున్నర, మూడు గంటలు పడ్తది. రెడ్ రాక్ దగ్గర 118 రోడ్డు తగుల్తది, అక్కడినుంచి 487 మీద లేక్ జీన్ వైపు ఎక్కే ఘాట్ రోడ్డు చాలా నిటారు, దిగేటప్పుడు చిన్న గేర్‌ల పెట్టుకుని దిగాలె, బ్రేక్ మీదనే కాలు పెట్టి దిగొద్దు. బెంటన్‌ల పెట్రోల్ పోసుకోండ్రి.

కొండదారి:
రంగుల విషయం. ఆ పీఠభూమి 2000 అడుగుల పైన ఉంది, న్యూజెర్సీ కన్నా ముందే రంగు తిరుగుతుంది. మామూలుగా అక్టోబర్ మొదటి, రెండో వారాలు బాగుంటాయి. మేపుల్ ఎర్రగా, బీచ్, బర్చ్ పసుపుగా, మధ్యలో హెమ్లాక్ ముదురు పచ్చగా ఉంటుంది, ఆ పచ్చ లేకపోతే మిగతా రంగులు అంత తేలవు. నీళ్ళు మాత్రం ఏప్రిల్‌లో మంచు కరిగినప్పుడు ఉన్నంత ఉండవు. ముందు వారం వాన పడితే అదృష్టం, వాన పడిన రోజునే మాత్రం వెళ్ళకండి.

అక్టోబర్ మధ్యలో ఆరున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు, లోయలో చీకటి ఇంకా ముందే పడుతుంది. ఎవర్‌గ్రీన్ అయ్యాక పన్నెండింటికల్లా చిన్న లూప్ మొదలుపెట్టాలి. దూరం 3.2 మైళ్ళే అని గంటన్నరలో అయిపోతుందనుకోవద్దు, పాపతో, నాన్నగారితో, ఫోటోలతో మూడున్నర గంటలు వేసుకోండి. ఒక్కొక్కరికీ తలకు కట్టుకునే లైట్ ఉండాలి. బయలుదేరే ముందు రోజు పార్క్ అధికారిక పేజీ చూడండి, వంతెనల పనుల కోసం ఒక్కోసారి కొంత దారి మూసేస్తారు.

పాతకాగితం:
గోదారిగట్టు గారూ, హెమ్లాక్ కొమ్మలు చేతికి అందే చోట ఒకసారి ఆకు తిప్పి కింద వైపు చూడండి. సూదుల మొదట్లో తెల్లటి దూదిపింజల్లాంటివి కనిపిస్తే అవి వూలీ అడెల్జిడ్ అనే పురుగు. జపాన్ నుంచి వచ్చింది, అమెరికా తూర్పు వైపు మొదట 1951లో వర్జీనియాలో కనబడింది, 1960లలో పెన్సిల్వేనియాలోకి వచ్చింది. చెట్టు రసం పీల్చి కొన్నేళ్ళలో చంపేస్తుంది. గొడ్డళ్ళ నుంచి తప్పించుకున్న చెట్లు ఇవి, ఎవర్‌గ్రీన్ దగ్గర 300 ఏళ్ళు దాటినవి ఉన్నాయి, ఇప్పుడు కంటికి సరిగా ఆనని పురుగు చేతిలో పోతుంటే బాధగా ఉంటుంది. పురుగు పట్టిన చెట్లను మందు వేసి కాపాడవచ్చు, కానీ అడవి మొత్తానికి ఒక్కో చెట్టు దగ్గరకూ వెళ్ళి వేయడం మామూలు పని కాదు.

ఓరుగల్లు_78:
ఈ చెట్లు పోతే నీడ పోతది, వాగు నీళ్ళు వేడెక్కుతయి, చల్లటి నీళ్ళల్ల బతికే బ్రూక్ ట్రౌట్ చేపలు కూడా పోతయి. అందుకే నేను ప్రతి ఒక్కరికీ కిందికి పోయి చూడుమని చెప్తున్న.

సీమరాయి:
ఒక చిన్న పని మనమూ చేయొచ్చు. ఈ పురుగు గుడ్లు, పిల్లలు పక్షుల వల్లా, గాలికీ, మనుషుల బట్టలకూ అంటుకుని పాకుతాయి. ముఖ్యంగా వసంతం నుంచి ఎండాకాలం మొదటి వరకు. పురుగు ఉన్న కొమ్మల్ని రాసుకుని వచ్చాక ఇంకో హెమ్లాక్ అడవికి వెళ్ళే ముందు జాకెట్, బ్యాగు దులిపి ఉతుక్కుంటే చాలు. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళకూడదు, ఇంటికి తీసుకురాకూడదు, అక్కడే కొనాలి.

గోదారిగట్టు:
అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ప్లాన్ ఇలా పెట్టుకున్నాం: బుధవారం సెలవు పెట్టా, పొద్దున అయిదున్నరకు బయలుదేరి 118 దగ్గర అందరం ఎవర్‌గ్రీన్ చేస్తాం. తర్వాత పైకెళ్ళి అమ్మా, మా ఆవిడా లేక్ జీన్ దగ్గర ఉంటారు, నాన్న, పాప, నేను కొండదారి గారు చెప్పినట్టు గ్లెన్ లీ దిగి గనోగా ఎక్కుతాం. మేము నాలుగున్నరకు రాకపోతే మా ఆవిడ పార్క్ ఆఫీసుకు చెప్పాలని కూడా అనుకున్నాం, లోయలో ఫోన్ కలవదన్నారు కదా.

తులసికోట:
చాలా మంచి ఆలోచన. పాప మధ్యలో అలిసిపోతే వాటర్స్ మీట్ దాకా రాకముందే వెనక్కి తిరిగేయండి. ఎంత దిగితే అంత ఎక్కాలని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పాలి, పిల్లలకు ఆ లెక్క తెలియదు.

చిత్తూరు_చిన్నోడు:
మాకు పరీక్షలు డిసెంబర్‌లో అయిపోతాయి, జనవరిలో జలపాతాలన్నీ గడ్డకట్టి భలే ఉంటాయని వీడియోల్లో చూశా. అప్పుడు వెళ్ళొచ్చా అన్నా?

కొండదారి:
గడ్డకట్టిన గనోగా నిజంగా చూడాల్సిందే. కానీ చలికాలంలో ఫాల్స్ ట్రైల్ మీదకు సరైన సామాను ఉన్నవాళ్ళనే పార్క్ అనుమతిస్తుంది. మంచు మీద పట్టు ఇచ్చే క్రాంపాన్స్, ఐస్ యాక్స్, తాడు ఉండాలి, దిగేముందు పేరు నమోదు చేయాలి. షూస్‌కు తగిలించుకునే చిన్న రబ్బరు గొలుసులు చాలవు, అక్కడ మెట్లే కనబడవు, మొత్తం ఒకే ఐసు జారుడుబండ అయిపోతుంది. మీలో ఎవరికీ మంచు మీద ఎక్కిన అనుభవం లేకపోతే ఆ సీజన్‌లో లోయలోకి దిగొద్దు తమ్ముడూ. పరీక్షలయ్యాక ఏప్రిల్ దాకా ఆగండి, నీళ్ళు నిండుగా ఉంటాయి. అప్పటికి మంచి షూస్ కొనుక్కోండి, తేదీ పెట్టుకుని ఇక్కడ రాయండి, ఆ వారాంతం ఖాళీగా ఉంటే నేనూ వస్తా.